ఎర్రదారం పరీక్ష

ఆ కుట్టుపని కొట్టుకి ఎదురుగా ఉన్నది గోడ. పక్కన ఉన్నదీ గోడే. "గంటకోసారి సూది మీంచి చూపు మళ్లించి, దూరంగా పచ్చగా ఉన్నదేదైనా చూడండి" అని కళ్ల డాక్టరు చెబితే, దర్జీ ఆవిడకి చూడ్డానికి ఏమీ దొరకలేదు. అందుకే కొట్టు ఆ చివర చేపల తొట్టి పెట్టి, అందులో మొక్కలు నాటింది. చేపలు నాలుగే. అవి ముచ్చటకి. అవసరమల్లా మొక్కలతోనే.

ఆ మొక్కలు బతికితేగా! పైన పాత ట్యూబ్‌లైటు ఒకటి బిగిస్తే ఆకులు పాలిపోయాయి. వెలుగు చాలలేదనుకుని అలాంటిదే ఇంకోటి బిగించి, కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా వెలిగించింది. అద్దమంతా పాచి పట్టింది.

"మొక్కలు పెంచుతానని పాచి పండించావు," అంది కత్తిరింపు బల్ల దగ్గరున్న ఆడపడుచు. కొట్టులో సగం వాటా ఆవిడది, నోరు మాత్రం మొత్తం ఆవిడదే. "నెలాఖరుకి ఒక్క కొత్త ఆకైనా రాకపోతే తొట్టి ఎత్తేసి అక్కడ ఇస్త్రీ బల్ల వేస్తాను."

"అలాగే వదినా. అందాకా దాని జోలికి రాకండి."

మర్నాడు పొద్దున్నే చేతిసంచిలో ఎర్రదారం రీలు వేసుకుని కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్లింది.

"తెల్లగా వెలగాలి, అంతేగా అక్కా? ఏదైనా ఒకటే," అన్నాడు కొట్టతను.

"ఒకటే అయితే నీ దగ్గరున్న నాలుగు కంపెనీలవీ వెలిగించు. చూస్తాను."

గుడ్డకి సరిపోయే దారం వెతికేటప్పుడు ఆవిడ లోపలి లైటుని ఎప్పుడూ నమ్మదు. వీధిలోకి వెళ్లి పగటి వెలుగులో చూసుకుంటుంది. ఇప్పుడూ గుమ్మం బయట రీలుని ఒకసారి చూసి, లోపలికొచ్చి ఒక్కో ట్యూబు కిందా పెట్టింది.

"ట్యూబ్‌లైటుకి ఇంటర్వ్యూ చేసేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నా," అని నవ్వాడతను.

మూడింటి కింద ఎరుపు చచ్చి ఇటుక రంగుకి దిగింది. నాలుగోదాని కింద, వీధిలో ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇదే. మొక్కకి కావాల్సిందీ ఎండలాంటి వెలుగేగా."

కొట్టతను నవ్వు మానేసి ట్యూబుల చివర అంకెలు చూపించాడు. మూడింటి మీదా 765, దీని మీద 865. చివరి రెండంకెలూ పగటి తెలుపుకి గుర్తు. ముందరి అంకె పెద్దదైతే రంగులు ఉన్నవున్నట్టు కనిపిస్తాయి.

రెండు పాత ట్యూబులూ ఊడదీసి ఆవిడ ఇదొక్కటే బిగించింది. రోజుకి ఎనిమిది గంటలే, నిమిషం ఎక్కువ లేదు. పాత పళ్ల బ్రష్షుతో పాచి తోమింది. కొలతల పుస్తకంలో చొక్కాల మధ్య తొట్టికో పేజీ కేటాయించి, పెద్ద ఆకు పొడవు రోజూ టేపుతో కొలిచి రాసింది. పది రోజులు ఒకే కొలత. పన్నెండో రోజు ఆ ఆకు కాస్తా కుళ్లి ఊడింది. ఆడపడుచు ఇస్త్రీ బల్ల తెప్పించి తొట్టి పక్కనే నిలబెట్టింది. ఈవిడ దాని మీద కుట్టిన బట్టలు పేర్చుకుంది.

ఇరవై ఆరో తారీఖున మొక్క మొదలు దగ్గర అరంగుళం చిగురు. మర్నాటికి ముప్పాతిక.

ఆడపడుచు వంగి చాలాసేపు చూసింది. తర్వాత తన చేతిలో ఉన్న దారాన్నీ గుడ్డనీ ఆ ట్యూబు కింద పెట్టి చూసింది.

"కత్తిరింపు బల్ల మీద కూడా ఇదే వేయించు," అంది. "దారం చూసుకోవాలన్నప్పుడల్లా వీధిలోకి పరిగెత్తలేక చస్తున్నాను."

"మరి ఇస్త్రీ బల్ల?"

"వెనక గదిలో పడెయ్. ఇక్కడ అడ్డం."