గ్రహానికో కాపలా ఓడ

టేకులపల్లి అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో పగిడయ్యంటే ఆషామాషీ మనిషి కాదు. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి పాసై, ఊరికి మొదటిసారి పేపరు చదివి వినిపించినవాడు. రెండుసార్లు వార్డు మెంబరు. తునికాకు కల్లం దగ్గర కట్టకు రేటు పెంచేదాకా ఆకు దించనివ్వనివాడు. పులిజూదంలో పదిహేడేళ్ళుగా ఆయన పులిని కట్టేసిన మేక లేదు.

అంత మనిషికీ ఒక దెబ్బ తగిలింది. జ్వరంతో పన్నెండు రోజులు దవాఖానాలో పడి ఉండి వచ్చేసరికి, గుట్ట మీది పోడు చేనులో ఒక పక్క ఎవరో దున్ని విత్తనం కూడా చల్లేశారు. కొట్లాడి వెనక్కి తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి ఆ చేను ఒక్క పూట కూడా ఒంటరిగా లేదు. ఆయన ఇంట్లో ఉంటే భార్య కొండమ్మ మంచె మీద, ఆమె ఇంట్లో ఉంటే ఆయన.

రెండువేల ఎనిమిది వానాకాలంలో పోడు భూములకు హక్కు పత్రాలిస్తారని కొలతలు మొదలయ్యాయి. ఖమ్మం నుంచి భూమి కొలిచే మిషనుతో వచ్చిన సర్వేయరు అజారుద్దీన్ పగిడయ్య ఇంటి ముందు గదిలోనే దిగాడు. ఊరి చేలన్నీ కొలవడం అయిపోయింది, గడువు సోమవారంతో ఆఖరు. పగిడయ్య మాత్రం "చూద్దాం సారూ" అంటూ దాటేస్తున్నాడు. కాగితం మీద గీత జరిగితే చేను జరిగినట్టే. మనిషి ఎటువంటివాడో తేలకుండా గట్టు చూపించేది లేదు.

శనివారం ముసురు పట్టింది. పని సాగక అజారుద్దీన్ సంచిలోంచి పెద్ద అట్టపెట్టె తీశాడు. ఆరు మూలల అట్టముక్కలు పేర్చి, వాటి మీద ఎర్రవి, పచ్చవి బొమ్మలు నిలబెట్టి, అవే రంగుల బిళ్ళలు పక్కన పోశాడు.

"ఏంది సారూ గిది? మా గుట్టల నక్షానా?"

"ఆట తాతా! హైదరాబాద్ దోస్తు ఇచ్చిండు. ఇవి గ్రహాలు, ఇవి ఆకాశంల తిరిగే ఓడలు. ఎక్కువ గ్రహాలు పట్టినోడే గెలిచినట్టు. పచ్చరంగు నీదనుకో."

"అనుకునుడేంది? నాదో కాదో చెప్పు."

కూర్చున్నాడు. ఆట కోసం కాదు, మనిషిని చదవడానికి. ఓడల్లోనే నాలుగు రకాలు, ఒక్కోదానికి ఒక్కో నడక. ప్రతి ఎత్తుకూ అజారుద్దీన్ ఒక ఇంగ్లిషు పుస్తకం తిరగేస్తాడు. సరిగ్గా పగిడయ్యది పైచెయ్యి అయ్యే వేళకే అందులోంచి కొత్త రూలొకటి పుట్టుకొస్తుంది.

"నీకు తప్ప ఎవరికీ రాని పుస్తకం. మంచిగున్నది!" అని దెప్పుతూనే, మధ్యాహ్నానికల్లా రూళ్ళన్నీ ఒంటపట్టించుకున్నాడు.

ఒక్కటే మింగుడు పడలేదు. పట్టిన ప్రతి గ్రహం మీదా ఒక ఓడను కాపలా ఉంచాడు. కొట్లాటకు ఓడలు మిగల్లేదు.

"ఓడ తీస్కపో తాతా. నీ రంగు బిళ్ళ పెడితే చాలు, గ్రహం నీదే."

"మనిషి లేకుండనా? మా ఆమె వింటే నవ్వుతది."

"అవ్, పుస్తకంల ఉంది."

చివరికి మనసొప్పకపోయినా అంచు గ్రహం మీది ఓడ తీశాడు. మరు ఎత్తులోనే అజారుద్దీన్ ఎర్ర ఓడ అక్కడ దించి, పచ్చబిళ్ళ తీసి పక్కన పెట్టాడు.

"చాలన్నవ్ గదా!" పగిడయ్య గొంతు లేచింది.

అజారుద్దీన్ మొహం చిన్నబోయింది. "తప్పు నాదే తాతా. ఇంకొకడు దిగనంతసేపే బిళ్ళ చాలు. గా ముక్క చెప్పలే. వెనక్కిస్త, తీస్కో."

"వద్దు. నువ్ రాసే కాగితం సుత గంతేనా? నిజం చెప్పు."

అజారుద్దీన్ పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "కాగితం ఉంటే నాదని గట్టిగ అడగొచ్చు తాతా. కాపలా అక్కర్లేదని మాత్రం నేనన."

కాపలా మానెయ్యమని ఉంటే పగిడయ్య అప్పుడే అతని సంచి సర్దించేవాడు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. పొద్దున్నే తనే అజారుద్దీన్‌ను గుట్ట ఎక్కించాడు. అనుమానం పోయిందని కాదు. ప్రతి మూల దగ్గరా మిషను చూపిన అంకెను పైకి చదివించి, తన నోటుబుక్కులో రాసుకున్నాడు. బురదకు జంకి అజారుద్దీన్ అడ్డంగా తిరగబోతే, "గా హద్దురాయి సుత నాదే సారూ" అని వెనక్కి నడిపించాడు. ఆఖరున తన నోటుబుక్కూ, అజారుద్దీన్ రాసిన కాగితమూ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో అంకె సరిచూశాడు. ఎక్కడా తేడా లేదు. నాలుగెకరాల ఆరు గుంటలు.

అప్పుడు సంతకం పెట్టాడు. పెట్టాక కూడా, ఆ కాగితం సంచిలోకి పోయేదాకా కళ్ళు తిప్పలేదు.