బండ్లు విప్పే జాగా

గార్లదిన్నె దాటి పామిడి వైపు పోయే రోడ్డు పక్కన నాకొక కాఫీ హోటలు ఉండేది. హోటలంటే నాలుగు రాతి స్తంభాలు, పైన బోదగడ్డి కప్పు, లోపల రెండు బల్లలు. వెనకే మా ఇల్లు. పక్కన పది పదిహేను బండ్లు పట్టే చదునైన జాగా, ఆ జాగాలో ఒక బావి, బావి దగ్గర రాతి తొట్టి.

ఆ బావే మా బతుకు. చుట్టుపక్కల బావులన్నీ సంక్రాంతి నాటికే అడుగు చూపిస్తే, మాది ఎండలు ముదిరేదాకా తడిగా ఉండేది. అడుగున పామిడి దగ్గరి పెన్నేటికి సొరంగం ఉందనీ, ఒకసారి చేదలో చేప వచ్చిందనీ, అది పామిడి చేప కాబట్టి నన్ను పేరు పెట్టి తిట్టిందనీ బండ్లవాళ్ళకు చెప్పేవాణ్ణి.

"నిజమేనా అక్కా?" అని వాళ్ళు మా ఇంటామెను అడిగేవాళ్ళు.

"చేపను నేను చూల్లేదప్పా. నీళ్ళు చేదేది మాత్రం నేనే. ఈయప్ప చేదేది మాటలు" అనేది ఆమె, ఉగ్గానికి బొరుగులు కలుపుతూ.

చెనక్కాయల కాలంలో వేరుశనగ బస్తాలతో బండ్లు పామిడి నూనె మిల్లులకు పోయేవి. మా జాగాలో విప్పి, ఎద్దులకు నీళ్ళు తాపి, అవి నెమరు వేసేంతసేపు మనుషులు మా బల్లల మీద కూర్చునేవాళ్ళు. ఎద్దుకు దాహమైతేనే మనిషికి కాఫీ గుర్తొస్తుంది. బండి విప్పే చోటు లేకపోతే హోటలు లేదు. హోటలు మూస్తే మేం కూలికి పోవాలి. ఆ కరువులో కూలికి పిలిచే రైతు యాడుండాడని మా ఇంటామె ప్రశ్న.

అలాంటి రోజుల్లో రోడ్డుకు మా పక్క జాగా అంతా ఇండ్లకే కేటాయించారని పంచాయితీ దండోరా వేయించింది. అక్కడ బండ్లు విప్పకూడదు, దుమ్మూ పేడా జనానికి ఇబ్బంది. ఆ పక్కన ఉన్న ఇల్లు మాదొక్కటే. జనం మేమిద్దరం. మా ఇద్దరి ముక్కుల మీద సర్కారుకు అంత దయ కలిగింది.

ముందు నుంచీ అక్కడ బండ్లు నిలిచే వాడుక ఉందని రుజువైతే మినహాయింపు ఇవ్వొచ్చని అనంతపురం ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. అర్జీ పెట్టుకున్నాను. ఇక తిరగడమే. పోయిన ప్రతిసారీ సారు క్యాంపులో ఉండేవాడు. ఆఫీసు వరండాలో ఎంతసేపు కూర్చున్నానంటే, కొత్తగా వచ్చినవాళ్ళు నన్నే బంట్రోతు అనుకుని సారు ఉండాడా అని అడిగేవాళ్ళు. లేడు, క్యాంపు అని నేనే చెప్పి పంపేవాణ్ణి.

ఒకరోజు విసుగొచ్చి, పాళెగాళ్ళ ఏనుగులు కూడా మా తొట్లోనే నీళ్ళు తాగాయని గుమాస్తాకు చెప్పాను.

"ఏనుగుల సంగతి ఈ సెక్షను కాదప్పా. బండ్లుంటే చెప్పు" అన్నాడు తలెత్తకుండా.

చెప్పుల అడుగులు రెండుసార్లు మారిన తర్వాత కబురొచ్చింది. వచ్చే సోమవారం ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడట. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వారమంతా జాగాలో విప్పిన ప్రతి బండి దగ్గరకూ పోయి చెప్పాను.

"సోమవారం జీపులో ఆఫీసరు వస్తాండాడు. బండ్లన్నీ కండ్లారా చూసి రాసుకుంటాడంట. అందరూ రావల్ల. ఒక్కరు గూడా తప్పొద్దు."

అందరూ తలలూపారు. నా జన్మలో ఒక్క పిసరు కలపకుండా చెప్పిన మాట అదే.

సోమవారం తెల్లవారి లేచి చూస్తే జాగాలో బండి లేదు. సరే, పొద్దెక్కనీ అనుకున్నాను. పొద్దెక్కింది. రోడ్డు మీద కూడా బండి లేదు. ఇంకా దగ్గరికి పోయి చూస్తే నేల మీద చక్రాల గాడి లేదు, ఒక్క పేడకడి లేదు. ఎవరో కంపకొమ్మ ఈడ్చి జాగా అంతా నున్నగా చేసి పెట్టారు. పెండ్లి పందిరి వేయడమే తరువాయి.

"నువ్వు ఊడ్చినావా?" అని మా ఇంటామెను అడిగాను.

"నాకేం పనిలేదా? నీ చుట్టాలే ఊడ్చింటారు" అంది.

అంతలో జీపు వచ్చింది. ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన, నెమ్మదస్తుడు. జాగా అంతా తిరిగి చూశాడు.

"ఏవయ్యా, బళ్ళేవీ?"

"ఈ పొద్దు రాలేదు సారూ. రోజూ వస్తాయి. ఈ తొట్టి చూడండి."

"తొట్టి మీ పశువులకు కూడా కావచ్చు గదా."

మాకు పశువులు లేవని చెప్పేలోపు, మా హోటలుకు మొదటి నుంచీ వచ్చే ముసలి బండియాయన రోడ్డెంట నడిచి రావడం కనబడింది. నా పెండ్లినాటికే ఆయన ఎద్దులకు మా తొట్టి తెలుసు. ఎదురుపోయి చెయ్యి పట్టుకున్నాను.

"రా మామా, సమయానికి వచ్చినావు. సారుకు చెప్పు, ఈడ బండ్లు నిలుస్తాయా లేదా?"

ఆయన తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఆఫీసరుకు దండం పెట్టాడు.

"బండ్లా? యాడివి సామీ? ఈడ కాకి గూడా వాలదు."

"మామా! మొన్న నీ ఎద్దులు ఈ తొట్లో తాగలేదా?"

"నాకు ఎద్దులు యాడుండాయప్పా? పోయిన కరువులోనే అమ్ముకుంటి గదా" అని, ఆఫీసరు వైపు తిరిగి, "ఈయప్ప శానా మంచోడు సామీ. కతలు చెప్తాడు, అంతే" అన్నాడు. చెబుతూ నాకు మాత్రం కన్ను గీటాడు.

ఆఫీసరు నవ్వాపుకుని, "ఆగని బళ్ళకు మినహాయింపు ఎందుకయ్యా?" అన్నాడు. మా ఇంటామె ఇచ్చిన కాఫీ తాగి, బాగుందని చెప్పి, అర్జీ కొట్టేసి వెళ్ళిపోయాడు.

జీపు దుమ్ము అణగకముందే ముసలాయన మీద పడ్డాను.

"నా కొంప ముంచితివి గదా మామా!"

"ముంచేదేందప్పా, కాపాడితిమి. బండ్లు రాసుకుంటాడని నువ్వే చెప్పితివి. ఆయప్ప వచ్చిండేది బండిపన్నుకే గదా? పన్ను కట్టి రేకుబిళ్ళ కొట్టించుకున్న బండి మాలో ఒకటైనా ఉండాదా? పట్టుకుంటే నీ జాగాకు గూడా దుడ్లు అడుగుతాడు. అందుకే తెల్లారుజామునే నేనూ నా కొడుకూ వచ్చి ఊడ్చిపోతిమి. కంప గీరి చేతులు చూడు ఎట్లుండాయో."

చూపించాడు. నిజంగానే నెత్తురు చారలు. తిట్లు పక్కన పెట్టి, అర్జీ సంగతి మొదటి నుంచీ చెప్పాను. విని తల గోక్కున్నాడు.

"ముందే చెప్పల్ల గదప్పా" అన్నాడు.

మరుసటి వారం నుంచి పంచాయితీ మనిషి రోజూ వచ్చి బండ్లు విప్పనీకుండా మా జాగాలో నిలబడేవాడు. రోడ్డుకు అవతలి పక్క వేరే పంచాయితీది, అక్కడ ఏ ఆంక్షా లేదు. కానీ అది రాళ్ళ ఏటవాలు. అక్కడ బండి విప్పితే నిలవదు. అందుకని చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఎద్దులను కాడి మీదే ఉంచి ఆపేవాళ్ళు. కాడి మీదున్న ఎద్దు తొట్టి దగ్గరకు ఎట్లా వస్తుంది? నీళ్ళే దాని దగ్గరకు పోవాలి. మా ఇంటామె చేదేది, నేను రెండు చేతులా రెండు బకెట్లతో రోడ్డు దాటేవాణ్ణి. నీళ్ళయ్యాక కాఫీ గ్లాసులతో. చెనక్కాయల కాలమంతా అంతే. మరుసటి ఏడూ అంతే. సాయంత్రానికి భుజాలు నావి కావన్నట్టు ఉండేవి. కతలు చెప్పడానికి ఊపిరి మిగిలేది కాదు.

ఒక మధ్యాహ్నం అవతలి పక్క ముసలాయన బండి దగ్గర కొత్త బండ్లవాళ్ళు చుట్టూ చేరి ఉన్నారు.

"ఆఫీసరు ఒక్కడా? పది జీపుల్లో వచ్చినారు. నేను ఇట్ల నిలబడి, ఈడ బండ్లు లేవు పో అంటి. ఆయప్ప నా కాళ్ళు పట్టుకున్న్యాడు" అంటున్నాడు ముసలాయన.

నేను బకెట్ దించి ఆయన ఎద్దు ముందు పెట్టాను. అది ఒక్క గుక్కలో సగం తాగేసింది.

"నిజమేనా అన్నా?" అని ఒకడు నన్ను అడిగాడు.

"పది కాదు, పన్నెండు" అని, ఖాళీ బకెట్లు తీసుకుని రోడ్డు దాటాను.