మా ట్రక్కు కుడి ముందు చక్రం

మా ఇంటికి నాకంటే ముందు వచ్చింది ఆ ట్రక్కు. మార్టూరు గ్రానైటు క్వారీలో రాళ్ళ మధ్య సగం జీవితం అరగదీసుకుని, వాళ్ళు వద్దనుకున్నాక మా మామగారి చేతికి చిక్కింది. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే పాత బండి. వాన పడ్డ మర్నాడు మా నల్లరేగడిలో ట్రాక్టర్లు దిగబడి గింజుకుంటూ ఉంటే ఇది గేదెలా బురద తొక్కుకుంటూ బయటికొచ్చేస్తుంది. మామగారు ఇప్పుడు టీవీకి అంకితమైపోయారు. మా ఆయనకి మోటారు సైకిలు చాలు. అలా ఆ స్టీరింగు నా చేతికొచ్చింది.

అంతకుముందు నా పొలం నేను చూసుకోవాలంటే ఇంట్లో ఎవరో ఒకరికి తీరిక దొరకాలి. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ముఖం కడుక్కుని, బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళ కోసం అరుగు మీద ఎదురుచూడాలి. ట్రక్కు నేర్చుకున్నాక ఆ బాధ పోయింది. మిరప కోతకొచ్చిన కూలీలకి నీళ్ళ డ్రమ్ము, మజ్జిగ క్యాను, సాయంత్రం కోసిన కాయ, అన్నీ నా బండిలోనే. ఊళ్ళో కొందరు మొదట్లో నోరెళ్ళబెట్టి చూశారు. చూడనీ అనుకున్నాను. దుమ్ము లేస్తుంది, వాళ్ళే మూసుకుంటారు.

అలాంటి బండికి ఒకరోజు జబ్బు చేసింది. అద్దంకి నుంచి పురుగుమందులు వేసుకుని వస్తున్నాను. కుడివైపు ముందు చక్రంలోంచి, మూతి మూసుకుని ఎవరో రాగం తీస్తున్నట్టు ఒక ఊళ. వేగం పెంచితే రాగం పెరుగుతోంది. ఎడమవైపు తిప్పితే గట్టిగా వినిపిస్తోంది, కుడికి తిప్పితే తగ్గుతోంది. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను.

"టైరు అరిగుంటుంది," అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా.

"టైరు పాడదండీ. ఇది పాడుతోంది," అన్నాను.

జాకీ పెట్టి చక్రం లేపాం. పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్ మని ఆడింది. అద్దంకి రోడ్డులో రేకుల షెడ్డు మెకానిక్కు వచ్చి చూసి, ముందు చక్రం బేరింగులు పోయాయని తేల్చేశాడు. ఈ మెకానిక్కు మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. పనిమంతుడే గానీ తన పనిలో తప్పు జరిగిందని చచ్చినా ఒప్పుకోడు. తప్పంటూ ఉంటే బండిది, రోడ్డుది, లేదా నాది.

ఇక్కడ మా ఆయన గురించి కాస్త చెప్పాలి. ఆయన హేతువాది. మామూలు హేతువాది కాదు, టీ కొట్టు దగ్గర నలుగురు కూర్చుంటే దేవుణ్ణి నిలబెట్టి ప్రశ్నలు వేసే రకం. దసరాకి ఊరంతా బండ్లు కడిగి బొట్లు పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తుంటే, ఈయన మా బండిని కడగడం కూడా మానేసేవాడు, పూజ అనుకుంటారేమోనని. మా పెళ్ళి కూడా దండల పెళ్ళే. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, దండలు మార్చుకున్నాం, ఇద్దరు పెద్దలు మూఢనమ్మకాల మీద ప్రసంగాలు చేశారు, తర్వాత భోజనాలు. ఆ ప్రసంగాలు అయ్యేసరికి పప్పు చల్లారిపోయింది. మా అత్తయ్య ఇప్పటికీ ఆ పప్పు గురించి బాధపడుతుంది.

బేరింగులు మా ఆయనే గుంటూరు వెళ్ళి తెచ్చాడు. డబ్బా విప్పి, అవి సరైనవో కాదో పాతవాటి పక్కన పెట్టి చూసుకుని, మర్నాడు తనే షెడ్డుకి పట్టుకెళ్ళి మెకానిక్కుకి ఇచ్చాడు. ఒక్కో బేరింగుకీ ఒక ఉక్కు కప్పు ఉంటుంది. కప్పు అంటే గుండ్రటి కట్టు లాంటిది. దాన్ని చక్రం మధ్యలో ఉండే హబ్బులోకి సుత్తితో కొట్టి, అడుగంటా దిగేలా కూర్చోబెట్టాలి. దాంట్లో బేరింగు తిరుగుతుంది. కప్పు సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచి బేరింగు వేసినా దండగే. ఇవన్నీ అప్పుడు నాకు తెలీదు. తెలుసుకోవాల్సి వచ్చింది.

కొన్నాళ్ళు బండి గప్‌చిప్‌గా తిరిగింది. తర్వాత మళ్ళీ రాగం మొదలైంది. మెకానిక్కు నట్టు బిగించాడు. ఊళ ఆగింది. మా చేలోకి అటూ ఇటూ నాలుగు రోజులు తిరిగేసరికి మళ్ళీ వదులు. మళ్ళీ బిగించాడు. మళ్ళీ వదులు. బ్రేకు వేస్తే స్టీరింగు చేతిలో జ్వరమొచ్చినదానిలా వణికేది.

చివరికి మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "హబ్బు అరిగిపోయింది వదినా. కప్పు కూర్చునే చోటే పోతే నేనేం చేసేది? ఈ బండి హబ్బులు ఇప్పుడెక్కడా రావట్లేదు."

మా ఆయన ఇదే అదనుగా, "పాత ఇనుముకి వేసేద్దాం," అన్నాడు.

"ఏంటీ?"

"చక్రం ఊడిపోయే బండి ఎందుకు? కావాలంటే నేను దింపుతాను పొలంలో. ఫోను చెయ్యి, వస్తాను."

ఫోను చెయ్యాలట! నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ ఆ అరుగు, ఆ ఎదురుచూపులు, "వస్తున్నా వస్తున్నా" అనే ఆ అబద్ధాలు కళ్ళముందు కదిలాయి. ఈ బండి పోతే నేను మళ్ళీ సామానుతోపాటు సామానునే. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన వినలేదు. ఈసారి ఊగిందంటే తాళాలు తనే తీసుకెళ్ళి పాత ఇనుము కొట్టులో ఇచ్చేస్తానన్నాడు. ఆయనతో మాటలు మానేశాను. నా బదులు వంటింట్లో గిన్నెలు మాట్లాడాయి.

కోత మాంచి ఊపు మీద ఉంది. కల్లంలో కాయ ఎర్రగా పరిచి ఉంది, ఆకాశం చూస్తే నమ్మకంగా లేదు. వాన పడితే ఆ కాయని గట్టుకి చేర్చేది ఈ బండి ఒక్కటే. ఇక లాభం లేదని పొద్దున్నే అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, నత్తలాగా నడుపుకుంటూ షెడ్డుకి బయల్దేరాను. మా ఆయన మోటారు సైకిలు మీద వెనకే వచ్చాడు, చక్రం ఊడితే పట్టుకుంటాడేమో అన్నట్టు.

"హబ్బు అరిగిందని నువ్వు కంటితో చూశావా?" అని మెకానిక్కుని అడిగాను.

"చూడక్కర్లేదు వదినా. అనుభవం."

"నీ అనుభవం అలా పక్కన పెట్టి కప్పు బయటికి కొట్టు. హబ్బు లోపల నేను చూడాలి. నిజంగా అరిగి ఉంటే తాళాలు నేనే ఇస్తాను."

అతను మా ఆయన వైపు చూశాడు. ఆయన భుజాలెగరేశాడు. మెకానిక్కు సణుక్కుంటూ చక్రం విప్పాడు, నట్లు తీశాడు, హబ్బు లాగి బల్ల మీద బోర్లించి, లోపలి కప్పు అంచున ఇనుప కడ్డీ ఆనించి సుత్తితో కొట్టాడు. అటొక దెబ్బ, ఇటొక దెబ్బ. కప్పు కదలడానికి మొరాయించింది. వదులైన చోట కూర్చున్నది అలా మొరాయిస్తుందా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. చివరికి ఖంగుమని కింద పడింది.

అందరం వంగి చూశాం. హబ్బు లోపల అరుగుదల లేదు. నున్నగా, దిట్టంగా ఉంది. కానీ కప్పు ఆనుకునే అంచు మీద ఒకవైపు, ఎండిపోయి గ్రీజులో నానిన ఒక పెళ్ళ. దాని మీద ఎరుపు, అడుగున పసుపు. కప్పు వీపు మీద కూడా అదే.

పసుపు ముద్ద. దాని మీద కుంకుమ. కొత్త వస్తువుకి ఎవరో నిండుగా బొట్టు పెట్టారు. ఆ బొట్టు మీదే కప్పు కూర్చుంది, ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా. నట్టు బిగించిన ప్రతిసారీ ఆ పెళ్ళ కాస్త నలిగింది, నలిగినంత మేరా చక్రం వదులైంది.

"నువ్వు కప్పు దింపేటప్పుడు కనబడలేదా ఇది?" అన్నాను మెకానిక్కుతో.

"కనబడకేం!" అన్నాడు అతను చాలా నొచ్చుకుని. "మరి బొట్టు పెట్టిన సామాను ఇచ్చారు మీరు. బొట్టు చెరుపుతానా వదినా? నా చేత్తో? నాకూ పెళ్ళాం ఉంది!"

నిజమే, మా వైపు ఎవరు చెరుపుతారు?

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నాకు తెలుసు ఆ సవరింపు, ప్రసంగానికి ముందు వచ్చేది. "చూశావా అమ్మా," అని అత్తయ్య వైపు తిరిగాడు. "మూఢనమ్మకం మనిషినే కాదు, బేరింగుని కూడా..."

"ఒరేయ్ ఆగు!" అంది అత్తయ్య. సీట్లోంచి దిగి వచ్చి కప్పు అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "నేను పెట్టలేదు. నేను పెడితే ఉంగరం వేలితో పెడతాను, శనగగింజంత. ఇదేంటి, గోడకి పిడక కొట్టినట్టు? ఇది బొటనవేలు. మగాడి బొటనవేలు. బొట్టు పెట్టడం చేతగాని వాడెవడో పెట్టాడు."

నేనైతే పెట్టలేదు. మామగారు టీవీ ముందు నుంచి లేచి ఈ పని చెయ్యరు.

మెకానిక్కు ఇవేమీ పట్టించుకోకుండా బనీను గుడ్డని డీజిల్లో ముంచి మా ఆయనకి అందించాడు. "సరే అన్నా, ఎవరు పెడితేనేం. తుడిస్తే గానీ కొత్త కప్పు కూర్చోదు. నీకు ఇవన్నీ పట్టింపు లేదు కదా, ఆ చేత్తో తుడిచెయ్యి."

మా ఆయన గుడ్డ తీసుకున్నాడు. హబ్బు మీదికి వంగాడు. చెయ్యి దాని దాకా వెళ్ళి ఆగిపోయింది. డీజిలు చుక్కలు చుక్కలుగా ఆయన చెప్పుల మీద పడుతోంది. దేవుణ్ణి నడిరోడ్డు మీద నిలదీసిన మనిషి, ఆ ఎర్రటి పెళ్ళని తుడవలేక నా వైపు దొంగచూపు చూశాడు.

"మీరా!" అన్నాను.

"అంటే... నువ్వు ఒక్కదానివే పోతావు కదా," అన్నాడు నేల చూస్తూ. "డొంకదారి. కాలవ గట్టు. చక్రం ఊడితే వెనకా ముందూ మనిషి ఉండడు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అమ్మ పసుపు డబ్బా అక్కడే కనబడింది. వేసి చూశాను."

వేసి చూశాడట, బావిలో బ్లీచింగు పొడి వేసినట్టు.

బండి మీద విసుగనుకున్నాను ఇన్నాళ్ళూ. పాత ఇనుముకి వేసేద్దాం అన్నది నన్ను మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టడానికి అనుకున్నాను. కాదు, భయపడ్డాడు. నాకోసం భయపడి, ఆ భయం చెప్పుకోవడానికి నామోషీ పడి, ఇంట్లో ఎవరూ చూడకుండా పసుపు కలుపుకున్నాడు. అయినా నాకు నోరే ఎప్పుడూ ముందుంటుంది.

"మన పెళ్ళిలో నా నుదుటికి పెట్టలేదు గానీ, చక్రానికి మాత్రం పెట్టారన్నమాట!"

"నువ్వు అడగలేదు," అన్నాడు ఆయన.

మెకానిక్కు నవ్వాపుకోలేక స్టెప్నీ టైరు మీద కూలబడ్డాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. కొడుకు ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది, తప్పిపోయిన పశువు తనంతట తనే దొడ్లోకి వచ్చినట్టు.

ఆయన చేతిలోంచి గుడ్డ నేను తీసుకున్నాను. "నువ్వొద్దమ్మాయ్, నువ్వసలు వద్దు," అని అత్తయ్య ముఖం పక్కకి తిప్పుకుంది. నాకూ చెయ్యి కాస్త జంకింది, అబద్ధం ఎందుకు. కానీ అది నా బండి. అంచంతా రుద్ది రుద్ది తుడిచాను, ఎరుపూ పసుపూ పోయి ఇనుము మెరిసేదాకా.

ఒరుసుకుపోయిన కప్పు మళ్ళీ పనికిరాదు కాబట్టి మా ఆయన మళ్ళీ గుంటూరు వెళ్ళి కొత్త జత తెచ్చాడు. ఈసారి డబ్బా సీలు విప్పకుండా నేరుగా నా చేతికిచ్చాడు. మెకానిక్కు కొత్త కప్పు దింపుతుంటే సుత్తి చప్పుడు మొదట బోలుగా వినిపించింది, తర్వాత ఒక దెబ్బకి ఠంగుమని గట్టిపడింది. కప్పు అడుగుకి ఆనుకుందంటే ఆ చప్పుడు వస్తుందట. బేరింగుకి గ్రీజు అరచేత్తో కూరి, చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ రవ్వంత వదిలాడు. ఊపి చూస్తే ఎక్కడా కదలిక లేదు.

"హబ్బు గట్టిదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను కదా వదినా," అన్నాడు.

ఆ వారమే వాన పడింది. కల్లంలో కాయ తడవకముందే పట్టలు కప్పి, ఎండినంతవరకూ టిక్కీ బస్తాలకెత్తి, బురదలో బండి ఈడ్చుకుంటూ గట్టుకి చేర్చాను. చక్రం చిన్న రాగం కూడా తియ్యలేదు.

అప్పట్నుంచీ మా ఆయనకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. నేను పొలం నుంచి రాగానే గేటు దగ్గరికి వచ్చి, కుడి ముందు చక్రం మధ్యలో అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచుతాడు. బేరింగు బిగుసుకుంటే అక్కడ వేడెక్కుతుందని మెకానిక్కు చెప్పాడు. "వేడి లేదు," అని ప్రకటించాకే లోపలికి వస్తాడు.

"దణ్ణమేదో దేవుడికే పెట్టుకోవచ్చు కదరా," అంటుంది అత్తయ్య అరుగు మీంచి.

"దణ్ణం కాదు. ఉష్ణోగ్రత. ఇది సైన్సు," అంటాడు.

సైన్సే. నేను కాదనలేదు. మొన్న ఎండలో తిరిగి తలనొప్పితో వచ్చాను. బండి దిగి ఆ మాట చెప్పేసరికి, చక్రం మీంచి తీసిన చెయ్యి అలాగే తెచ్చి నా నుదుటి మీద పెట్టాడు. కాసేపు ఉంచి, "వేడి లేదు," అన్నాడు.

లోపలికి వెళ్ళి అద్దం చూసుకుంటే కనుబొమ్మల మధ్య బొటనవేలంత నల్లటి గ్రీజు మచ్చ. అత్తయ్య చూసింది, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. సాయంత్రం స్నానం చేసేదాకా నేను దాన్ని తుడుచుకోలేదు.