చెట్టు బొమ్మ దగ్గరి గింజలు

చాలా ఏళ్ళుగా ఒక సంగతి మింగలేక కక్కలేక బతుకుతున్నాను. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకని మీకు చెబుతున్నాను. ఇది కూడా పిరికితనమే కదా అంటారా? అనండి. కాదనే మొహం నాకు లేదు.

నేను చేసింది రెండు నిమిషాల పని. చేతులు కూడా మురికి కాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి తిరువూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. సంస్థ పేరు రాయను, ఇప్పుడది లేదు. ఎరువుల కొట్టు మేడ మీద రెండు గదుల ఆఫీసు. కింద యూరియా బస్తాల వాసన, పైన మా ఫైళ్ళు. నేను ఇంగ్లీషు ఎమ్మే చదివాను కాబట్టి రిపోర్టులు రాయడం నా పని. ఊళ్ళకి వెళ్ళి మీటింగులు పెట్టడమూ నా పనే. మా సార్ వారానికి నాలుగు రోజులు విజయవాడలో ఉండేవాడు.

ఆ రోజుల్లో మా ఆఫీసులో అన్నిటికన్నా ఎక్కువగా వినబడిన మాట ‘అలైన్’. విదేశాల అభివృద్ధి లక్ష్యాలకి మన దేశపు వాతావరణ విధానమూ వ్యవసాయ విధానమూ అలైన్ కావాలి. వాటికి రాష్ట్రం ప్లాను అలైన్ కావాలి. దానికి మా ప్రాజెక్టు, మా ప్రాజెక్టుకి ఊళ్ళు. బడిలో ప్రార్థన లైనులో పిల్లలు ముందువాడి మెడ చూసి సర్దుకుంటారే, అలాగన్నమాట. ఎక్కడో చల్లని దేశంలో ఎవరో లైనుకి ముందు నిలబడ్డారు. చిట్టచివర, వినగడప దాటాక వచ్చే ఒక చిన్న పేటలో రూతమ్మ నిలబడింది. ఊరి పేరు కూడా రాయను.

రూతమ్మకి అప్పటికి నలభై దాటి ఉంటాయి. కూలి పని చేసేది. భర్త పోయాడు. ఆ పేటలో ఉన్నవాళ్ళంతా కూలివాళ్ళే, ఆదివారం ప్రార్థనకి వెళ్ళేవాళ్ళే. గుట్ట కింద బంజరు భూమిని రెండు తరాలుగా బాగుచేసుకుని కంది, జొన్న, బొబ్బర్లు వేసుకుంటున్నారు. కాగితం లేదు. ఎన్ని అర్జీలు పెట్టినా పట్టా రాలేదు. ప్రభుత్వం లెక్కలో అది బంజరు. మా ఫారంలో దాని పేరు ఇంకా అందంగా ఉండేది: నిరుపయోగ భూమి. ఆ మాట అక్కడ టైపు చేసింది నేనే. గట్టు మీద కూర్చుని వాళ్ళు పెట్టిన ఉడికిన కందికాయలు తిని వచ్చి మరీ టైపు చేశాను.

విదేశీ నిధులు వచ్చింది చెట్ల కోసం. అడవి ఆముదం మొక్కలు. వాటి గింజల నూనెతో బండ్లు నడుస్తాయట, పొగ తగ్గుతుందట, భూమి వేడెక్కడం ఆగుతుందట. మేక కూడా మూతి పెట్టని మొక్క అది. పొగ వదిలింది ఒకరు, మొక్కలు నాటడానికి భూమి ఇవ్వాల్సింది రూతమ్మ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఇప్పుడు ఇలా ఎత్తిపొడుస్తున్నానే గానీ, అప్పుడు నాకు ఈ తెలివి ఉందా? ఉంది. అదే నా బాధ. తెలియక చేసి ఉంటే ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదు.

మా మీటింగు పద్ధతి మీకు చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. చదువు రానివాళ్ళు కూడా తమ అవసరం తామే చెప్పాలని ఒక పద్ధతి ఉండేది. నేల మీద ముగ్గుతో ఊరి పటం వేస్తారు. పక్కన నాలుగు గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కో బొమ్మ పెడతాం: వాగు మీద కట్ట, ముద్ర ఉన్న పట్టా కాగితం, గడ్డిమోపు, చెట్టు. ఎవరికి ఏది ఎక్కువ అవసరమో ఆ గుండ్రంలో చింతగింజలు ఎక్కువ పెట్టాలి. చివర్లో గింజలు లెక్కపెట్టి, చార్టు మీద రాసి, వేలిముద్రలు తీసుకుంటాం. పేద మనిషి మాటని కాగితం మీదికి ఎక్కించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి విదేశీ బృందం వస్తోంది. ఆడవాళ్ళే నిర్ణయించాలని వాళ్ళ షరతు. పొద్దున్నే ఆడవాళ్ళంతా చర్చి ముందు జాగాలో చేరారు. ముగ్గు వేసింది రూతమ్మే. గింజలు అందరికీ పంచితే, ఒక్కొక్కరూ సిగ్గుపడి రూతమ్మ ఒళ్ళో పోసేశారు, నువ్వే పెట్టక్కా అని. ఆవిడ ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, నీకేం కావాలే అని అడిగి, చెప్పించుకుని, వాళ్ళ ఎదురుగా పెట్టింది. పట్టా గుండ్రంలో గింజలు కుప్ప పడ్డాయి. చెట్టు గుండ్రంలో నాలుగు పడ్డాయి. అవి కూడా మర్యాదకి పెట్టినవే.

వాళ్ళు అన్నాలు తినడానికి ఇళ్ళకి వెళ్ళారు. సార్ ఫోన్ చేశాడు. ఎలా వచ్చిందని అడిగితే చెప్పాను. “మన ప్రాజెక్టులో పట్టాలు లేవు కదమ్మా. వాళ్ళు వచ్చేసరికి కొంచెం చూసుకో,” అని పెట్టేశాడు. గింజలు జరపమని ఆయన అనలేదు. ఎన్నోసార్లు ఆ నేరాన్ని ఆయన నెత్తిన పెడదామని చూశాను. అది అక్కడ నిలవదు.

నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ముగ్గు చెరగకుండా కూర్చున్నాను. పట్టా గుండ్రంలో నుంచి గింజలు దోసిట్లోకి తీసుకుని చెట్టు గుండ్రంలో పోశాను. పూర్తిగా ఖాళీ చేస్తే అనుమానం వస్తుందని కొన్ని ఉంచాను కూడా. ఎన్ని ఉంచాలో ఆలోచించాను చూశారా, అక్కడ తెలుస్తుంది నేనేంటో. చెట్లు మంచివే కదా, దేశమంతా అదే అంటోంది కదా, వీళ్ళకీ చివరికి మేలే కదా అని మనసుకి జోల పాడాను. అది హాయిగా నిద్రపోయింది. తర్వాత చార్టు మీద అంకెలు రాసుకున్నాను.

మూడింటికి బృందం వచ్చింది. ఆడవాళ్ళు వచ్చారు. రూతమ్మ ముగ్గు వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు చూసింది. తెల్లవాళ్ళు ఫొటోలు తీస్తున్నారు, అందరూ నవ్వమంటున్నారు. నేను చార్టు ఆవిడ ముందు పెట్టి, బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్దాను. ఆవిడ వేలు వెనక్కి లాక్కోలేదు. చెట్లు ఈ ఆడవాళ్ళు స్వయంగా కోరుకున్నవని నేను ఇంగ్లీషులో చెప్పాను. బృందంలో ఒకావిడకి కళ్ళు చెమర్చాయి.

వారం తర్వాత రూతమ్మ కూలి మానుకుని, బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేడమ్ గారూ, నేను పట్టా బొమ్మ కాడే పోశానండి. చెట్టు కాడ నాలుగంటే నాలుగే పెట్టాను. అయ్యెలా పెరిగినాయండి?”

నేను ఫైలు తెరిచి ఫొటో చూపించాను. “ఇదిగో, మీరు పెట్టినవే. చార్టు మీద మీ వేలిముద్ర కూడా ఉంది. అన్నాల వేళయింది కదా, హడావిడిలో బొమ్మ సరిగ్గా చూసుకోలేదేమో రూతమ్మా.”

ఆవిడ ఫొటోని చాలాసేపు చూసింది.

“అంతేనేమోలెండి. చదువులేని మొద్దుని, ఏ బొమ్మకి ఏదో తేడా పడిపోయుంటాను. మావోళ్ళు నన్ను తిడతన్నారండి, మేడమ్‌తో కుమ్మక్కయ్యావని. తిట్టనీయండి. చేసింది నేనే కదా.”

మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

చెట్టు బొమ్మకీ కాగితం బొమ్మకీ తేడా తెలియడానికి చదువెందుకు? ఆ ముగ్గు వేసిన మనిషికి తెలియదా? ఆవిడ నిజంగానే నా మాట నమ్మిందా, లేక నాలాంటి వాళ్ళతో వాదించి గెలవలేనని తన మీదే వేసుకుందా? ఏదైనా నాకు సిగ్గే. భూమి పోవడం ఒక ఎత్తు. తన కళ్ళతో చూసినదాన్ని తనే నమ్మకుండా చేశాను. ఆ ఒక్క క్షణంలో ఫైలు మూసి, నేనే జరిపాను అని ఉంటే సరిపోయేది. అప్పటికింకా ఒక్క గుంట కూడా తవ్వలేదు. నోరు రాలేదు. ఉద్యోగం పోతుందనా? ఈ ప్రాజెక్టు నిలబడితే నాకు విజయవాడలో పెద్ద ఆఫీసులో చోటు వస్తుందని సార్ అప్పటికే చెప్పి ఉన్నాడు. అందుకే రాలేదు.

గుట్ట కింద కంచె పడింది. కంది మొదళ్ళు పీకి మొక్కలు నాటారు. రెండు వేసవుల్లో సగం ఎండిపోయాయి. మిగిలినవి కాసినా కొనేవాడు రాలేదు. ప్రాజెక్టు ముగిసింది. మా రిపోర్టు మాత్రం బతికింది, ప్రజలే ఎంచుకున్న పథకం అని ఢిల్లీ దాకా వెళ్ళింది. కొన్నాళ్ళకి ప్రభుత్వం బంజర్లకి పట్టాలిచ్చింది. గుట్ట కింద భూమి సర్వే నంబరు ఆ లిస్టులో లేదు. అది రికార్డులో తోట అయిపోయింది. ఆ తోటని పేటవాళ్ళే కోరి వేయించుకున్నట్టు వేలిముద్ర ఉంది.

పేటవాళ్ళు రూతమ్మని క్షమించలేదు. ఆవిడ ప్రార్థనకి వస్తే పక్కన చాప ఖాళీగా ఉండేదని విన్నాను. చివరికి పేట వదిలేసి విస్సన్నపేట వైపు మామిడి తోటల్లో కూలికి కుదిరింది. ఒకసారి షేర్ ఆటోలో కనబడింది. నన్ను గుర్తుపట్టింది. బాగున్నారా మేడమ్ గారూ అని, తన సంచి ఒళ్ళోకి తీసుకుని నాకు చోటిచ్చింది. పావుగంట ఆవిడ భుజానికి నా భుజం తగులుతూ ప్రయాణం చేశాను. చెప్పలేదు. నా స్టాపు రాకముందే దిగిపోయి, ఎండలో నడిచాను.

పెద్ద ఆఫీసు ఉద్యోగం మూడేళ్ళు చేసి మానేశాను. మనస్సాక్షి ఊరుకోక మానేశానని చెప్పుకుంటే బాగుంటుంది. కాదు, నిధులు ఆగిపోయాయి. ఇప్పుడు తిరువూరులోనే పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇదంతా. పైగా కాలినవి నా చేతులు కూడా కావు.

ఇది రాసినందువల్ల ఆ భూమి తిరిగి రాదు. మీరు నన్ను చూసి అయ్యో అనకండి, నేను అందుకు రాయలేదు. ఆ పేటవాళ్ళు ఎవరైనా ఎప్పుడైనా ఇది చదువుతారేమోనని రాశాను. చదవకపోయినా, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఈ వాక్యం నా చేత్తో రాయాలి. గింజలు జరిపింది నేను. రూతమ్మ సరిగ్గానే పెట్టింది.