తమ్ముడికి క్యాసెట్లో చెప్పిన చదువు

ఇంజనీరింగ్ ఎలా చదవాలో మా తమ్ముడికి రెండేళ్లపాటు చెప్పింది నేనే. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. షార్జాలో కట్టడాలకు ఇనుప చువ్వలు వంచి కట్టే పని నాది. అయినా సలహాలివ్వడానికి నా నోరు ఒక్కనాడూ తడబడలేదు. వాడు నాలాగా ఎండలో చువ్వలు మోయకూడదు, గీసిన ప్లాను చేత్తో పట్టుకుని నీడలో నిలబడాలి. నాకున్న కోరిక అదొక్కటే.

ఆ రోజుల్లో మాలో చాలామందికి ఉత్తరం రాయడం కంటే క్యాసెట్ నింపడమే సులువు. షార్జాలోని రోలా అనే పేటలో ఆరుగురం ఉండే గదిలో, శుక్రవారం మధ్యాహ్నం, చప్పుడు పడకుండా ఏసీ ఆపేసి టేప్ రికార్డర్ ముందు కూర్చునేవాణ్ణి. "యల్లా భాయ్, జల్ది ఖలాస్ చెయ్, సచ్చిపోతున్నం," అని గదివాళ్లు చెమటలు తుడుచుకుంటూ తిట్టేవారు. లీవు మీద పోయేవాడి చేతికి ఆ క్యాసెట్ ఇస్తే, మా ఇంట్లో విని, దాని మీదే జవాబు నింపి, తిరిగొచ్చే వాడితో పంపేవారు.

సలహాలు నా సొంతం కావు. మా సైటు ఇంజనీరు గుంటూరు వైపు మనిషి. చాయ్ వేళ ఆయన్ని పట్టుకుని పీక్కుతినేవాణ్ణి.

"డ్రాయింగు తనే గీయాలయ్యా, పక్కవాడిది చూసి దించకూడదు. రికార్డు ఏ రోజుది ఆ రోజే రాయమను. అన్నిటికంటే ముఖ్యం, అర్థం కాకపోతే అప్పుడే లేచి అడగమను. నేను మొదటేడు నోరు మూసుకుని కూర్చుని లెక్కల్లో తప్పాను."

ఆ చివరి మాట తప్ప అన్నీ క్యాసెట్‌కెక్కించాను. ఇంజనీరు కూడా ఒకసారి తప్పాడని చెబితే తమ్ముడికి చదువంటే అలుసైపోతుందని నా గొప్ప తెలివి.

"తమ్మీ, సమజ్ కాకపోతె ఆ దినమే లేచి అడుగు. సిగ్గుపడకు. అందరు మంచిగ ఇనుర్రి, మన వాడకట్టుకు మా తమ్ముడే మొదటి ఇంజనీరు!"

అందరూ వింటారని నాకు తెలుసు. మా ఊరికి షార్జా కూడా దుబాయే. దుబాయ్ క్యాసెట్ వచ్చిందంటే చుట్టుపక్కల వాళ్లంతా మా ఇంట్లోనే కూర్చునేవారు. జవాబు కూడా వాళ్ల ముందే నింపేవారు. అమ్మ ఏడ్చేది, పక్కింటి పెద్దమ్మ సెంటు సీసా తెమ్మనేది, ఆఖరున తమ్ముడు "మంచిగ చదువుతున్న అన్నా" అనేవాడు. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మూడో ఏడు మొదట్లో వచ్చిన క్యాసెట్‌ను ఒక్కణ్ణే వినమని వాడు చెప్పి పంపాడు. గదివాళ్లు బజారుకు పోయాక పెట్టాను.

"అన్నా, కాలేజి ఇడిసిపెట్టి ఏడాదైంది. తెలుగుల చదివి పోతిని, ఆడ అంత ఇంగ్లీషే. ఒక్క ముక్క సమజ్ కాలే. లేచి అడుగుమంటివి. అడుగుతందుకు గుడ ఇంగ్లీషే రావాలె గదనే. లెక్కలు తప్పిన. తప్పినోడు మల్ల ఏడ ఇంజనీరైతడు? నీకు చెప్దామంటె ఊరంత ముంగట కూసుంటది. హన్మకొండల సైకిల్ దుకాణంల పని చేస్తున్న. అమ్మకు తెల్వది. ఇగ నాకు చదువు చెప్పకు."

వాడి మాటలు అయిపోయాయి. ఆ టేపు మీద చెరగకుండా మిగిలిన నా పాత గొంతు అందుకుంది. సమజ్ కాకపోతె ఆ దినమే అడుగు, సిగ్గుపడకు. ఆపాలని కూడా తోచలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఇంజనీరు తప్పిన సంగతి నేను దాచకపోతే వాడు ఇంకో ఏడు ఓపిక పట్టేవాడేమో. ఈ 'ఏమో' నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడు సైట్లో ఇంజనీరే పలకరించాడు.

"మీ తమ్ముడు ఎలా చదువుతున్నాడయ్యా?"

చుట్టూ పదిమంది చాయ్ తాగుతూ నా వైపు చూశారు.

"మంచిగ చదువుతుండు సార్," అన్నాను.