మా తాత ఆడిన రెండు అబద్ధాలు

మా తాత హోసియా టాలివర్ పెరట్లో తెల్ల కోడిపుంజు పుట్టిందంటే దాని ఆయుష్షు మూడు నెలలే. ఎర్రవి, నల్లవి, మచ్చలవి ఎన్నయినా తిరగొచ్చు. తెల్లది మాత్రం సరిగ్గా కూత నేర్చుకోకముందే ఏదో ఒక ఆదివారం కుండలోకి వెళ్ళిపోయేది. "పాపం, దానికేం తెలుసయ్యా" అని నానమ్మ ఆర్వెల్లా అంటే, "తెలిసేదాకా ఆగడమెందుకు" అనేవాడు.

అలబామాలో పుట్టిన నల్లవాళ్ళెవరూ ఆ కోపానికి కారణం అడగరు. మా రాష్ట్రంలో డెమొక్రటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు. దాని తల మీద 'తెల్లవాళ్ళ ఆధిపత్యం' అనీ, కాళ్ళ కింద 'న్యాయం కోసం' అనీ అచ్చేసి ఉండేది. చదువు రానివాళ్ళు బొమ్మ చూసి ఓటెయ్యడానికి పెట్టిన గుర్తది. మా తాతకి చదువొచ్చు. వచ్చిన చిక్కంతా దాంతోనే.

తాతది లింకన్ పార్టీ. అంటే రిపబ్లికన్. తాత తండ్రి ప్రిన్స్ టాలివర్ బానిసగా పుట్టి, 1874లో ఆ పార్టీకి ఓటేసి, వేసినందుకు కొరడా దెబ్బలు తిని, వీపు మానగానే వెళ్ళి మళ్ళీ వేసిన మనిషి. 1901లో మా రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాసి మావాళ్ళ ఓట్లు ఊడబెరికినప్పుడు తాతకి పదిహేడేళ్ళు. అప్పట్నుంచి అరవై నాలుగేళ్ళు మా తాత ఓటు లేని రిపబ్లికన్. "ఓటే లేనప్పుడు పార్టీ ఎందుకు తాతా? గుర్రం లేకుండా జీను మోసుకు తిరిగినట్టు" అని నేను ఏడిపించేదాన్ని. "జీనుంటే ఎప్పుడో గుర్రం దొరుకుతుందే, జునీ" అనేవాడు.

1936లో షికాగో నుంచి ఆయన చెల్లెలు లవీ ఉత్తరం రాసింది. ఇక్కడ పనులిప్పించిందీ తిండి పెట్టిందీ డెమొక్రాట్లేననీ, మన వీధి వీధంతా అటు మారిపోయిందనీ. తాత రెండేళ్ళు జవాబు రాయలేదు. మూడో ఏడు రాశాడు, వాతావరణం గురించి.

తాత ఓక్ చెక్కని బద్దలుగా చీల్చి పత్తి బుట్టలు అల్లేవాడు. గురువారం ఇస్తానంటే గురువారం ఇచ్చేవాడు. ఒకసారి వాగు పొంగి దారి మూసుకుపోతే నెత్తిన నాలుగు బుట్టలు పెట్టుకుని నడుములోతు నీళ్ళలో వెళ్ళి ఇచ్చొచ్చాడు. కొన్నవాడు "అంత తొందరేం లేదు కదా" అన్నాట్ట. "తొందర నీకు లేదు, నా మాటకుంది" అన్నాట్ట తాత. ఇలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో నానమ్మనడగాలి.

ఇక షెరీఫ్ డాల్ఫ్ హాస్క్యూ సంగతి. షెరీఫంటే ఓట్లతో గెలిచి మా కౌంటీకి, అంటే జిల్లాకి, పోలీసు పెద్ద అయ్యేవాడు. 1965 వసంతంలో ఓటరుగా పేరు రాయించుకోవడానికి మా అన్న టేవిస్ కోర్టు మెట్ల దగ్గర వరసలో నిలబడ్డాడు. హాస్క్యూ కర్రతో చెవి మీద కొట్టాడు. ఆ రోజునుంచి టేవిస్‌కి ఎడమ చెవి వినపడదు. ఆ ఎండాకాలం కొత్త చట్టం వచ్చింది, వాషింగ్టన్ నుంచి మనుషులొచ్చి మా పేర్లు రాసుకున్నారు. ఎనభై ఒకటో ఏట తాతకి ఓటొచ్చింది. నాకు ఇరవై ఒకటో ఏటే వచ్చింది. "చూశావా, నీకన్నా అరవయ్యేళ్ళు తెలివైనదాన్ని" అన్నాను. తాత బద్ద విసిరాడు. తగల్లేదు.

మరుసటి మార్చిలో మంగలి క్లీవ్ గ్యాడ్సన్ మా అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. కొరియా యుద్ధం చేసొచ్చిన మనిషి, కత్తెర పట్టుకున్నా తుపాకీ పట్టుకున్నా చెయ్యి వణకదు. హాస్క్యూ మీద షెరీఫ్‌గా నిలబడుతున్నానన్నాడు.

"ఏ పార్టీలో?" అన్నాడు తాత.

"పెద్దాయనా, మన కౌంటీలో ఉన్నది ఒక్కటే కదా. మేలో కోడిపుంజువాళ్ళు తమలో తాము పెట్టుకునే ఎన్నికలో గెలిచినవాడే నవంబరులో షెరీఫ్. అందులోనే నిలబడాలి, మనమంతా అందులోనే ఓటెయ్యాలి."

"నేను వెయ్యను."

"జనవరిలో దాని తల మీది ఆధిపత్యం మాటలు తీసేశారు. ఇప్పుడు పుంజు ఒక్కటే ఉంది."

"నోరు కడుక్కుంటే పుంజు మారిపోతుందా?"

క్లీవ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "పేరు పేరునా చూసుకున్నాను. మనవాళ్ళూ వాళ్ళూ ఇంచుమించు సమానం. మీరు ఒక్కరు మానేస్తే ఒక ఓటు కాదు, చర్చిలో మీ వెనక బెంచీలన్నీ మానేస్తాయి. హాస్క్యూ ఇంకో నాలుగేళ్ళుంటాడు. టేవిస్‌కి ఇంకో చెవి ఉంది, అదైనా మిగలాలా వద్దా?"

తాత చేతిలో బద్దని రెండుగా చీల్చి పక్కన పెట్టాడు. "నా పార్టీ నాకుంది. వాళ్ళనే నిన్ను నిలబెట్టమని అడుగుతాను" అన్నాడు.

నానమ్మ లోపల్నుంచి, "వాళ్ళెక్కడున్నారయ్యా, సమాధుల్లోనా?" అంది.

ఉన్నారు. ఏప్రిల్లో పేపర్లో పడింది: కౌంటీ రిపబ్లికన్ల సమావేశం, శనివారం పదింటికి, కోర్టు ఎదురుగా ఇన్సూరెన్సు ఆఫీసు మేడ మీద, అందరూ ఆహ్వానితులే. తాత చర్చి కోటు వేసుకుని, వాళ్ళ నాన్న ఓటేసిన సంవత్సరాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. కారు నేను నడిపాను. దారిపొడుగునా కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు, పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా.

మేడ మీద ముప్ఫై మంది దాకా ఉన్నారు. అంతా తెల్లవాళ్ళు. బల్ల వెనక అధ్యక్షుడి కుర్చీలో వెండెల్ క్రేక్. ముప్ఫై ఏళ్ళు కోడిపుంజు పార్టీకి కౌంటీ పెద్ద ఆయనే.

"ఏరా హోసియా, బుట్టలు అమ్మడానికొచ్చావా?" అన్నాడు. "వెనక గుమ్మం వైపు పో."

"బుట్టలు కాదండి. మీటింగుకొచ్చాను. రిపబ్లికన్లందరూ రావచ్చని పేపర్లో వేశారు."

గదంతా గొల్లున నవ్వారు. "నువ్వు రిపబ్లికన్‌వా? ఎప్పట్నుంచిరా?"

"పుట్టినప్పట్నుంచండి. మా నాయన 1874 నుంచి." తాత కాగితం తీశాడు. "మరి తమరెప్పట్నుంచండి?"

నవ్వు ఆగిపోయింది. క్రేక్ మెడ ఎర్రబడింది. కిటికీ దగ్గర కూర్చున్న కుర్రాడొకడు, "రెండేళ్ళ నుంచి. పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిన ప్రెసిడెంటు పార్టీలో ఇంకా ఉంటామా?" అన్నాడు.

"ఆ చట్టం నాకు బాగానే ఉందండి" అన్నాడు తాత.

"అయితే నువ్వు తప్పు గదిలోకొచ్చావు."

"గది మాదేనండి. తమరే తర్వాతొచ్చారు."

రెండు కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడైంది. నేను తాత మోచెయ్యి పట్టుకున్నాను. తాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క మాటడిగి పోతానండి. షెరీఫ్‌గా మన పార్టీ ఎవర్ని నిలబెడుతోంది?"

"ఎవర్నీ లేదు" అన్నాడు క్రేక్. "హాస్క్యూ ఏ పార్టీలో ఉన్నా మా మనిషే. ఇక దిగు."

మెట్లు దిగాం. వెనక ఎవరో మా కారు నంబరు గట్టిగా చదివారు, మాకు వినపడాలనే. ఊరు దాటగానే ఒక లారీ మా వెనకే వచ్చింది, ముందుకి పోదు, వెనకబడదు. "వేగం పెంచకు, తగ్గించకు. చక్కగా చూసి నడుపు" అన్నాడు తాత. పదకొండు మైళ్ళు అలాగే వచ్చాం. మా మలుపు దగ్గర లారీ ఆగి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చాక తాత మళ్ళీ బుట్టల పనిలో పడ్డాడు. మూడో రోజున, "వాళ్ళు ఇల్లు మార్చారు, నాకు చెప్పలేదు" అన్నాడు. అంతే.

మే మూడో తారీకు. మా ఓట్లు పత్తి గింజలు తీసే జిన్ను మిల్లు ఆఫీసులో. తెల్లారేసరికే వరస రోడ్డు దాకా పోయింది. జిన్ను ఎదురుగా హాస్క్యూ తన కారు బానెట్ మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు. ఇద్దరు డెప్యూటీలు వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి మొహం చూసి పేరు పలుకుతున్నారు. ఏమీ అనరు, పేరు పలుకుతారు, అంతే. నేనూ నానమ్మా నిలబడ్డాం. తాత వస్తాడో రాడో ఎవరికీ తెలీదు. క్లీవ్ నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను.

ఎనిమిదింటికి వచ్చాడు, సొంత ముక్కాలిపీట చంకన పెట్టుకుని. నాలుగు మైళ్ళు నడిచొచ్చాడు. "నీ కారుకి నంబరుంది. నా కాళ్ళకి లేదు" అన్నాడు. తొమ్మిదిన్నరకి లోపలికి చేరాం.

నేను ఓటు కాగితం తీసుకుని, క్లీవ్ పేరు పక్కన గుర్తు పెట్టి, డబ్బాలో వేసి పక్కకి జరిగాను. అడుగున ఏదో చిన్న అక్షరాలున్నాయి, చదవలేదు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, చిన్న అక్షరాలంటే నాకు గిట్టదు. తాత కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివాడు. తర్వాత గట్టిగా చదివాడు.

"ఈ ఓటు వేయడం ద్వారా, ఈ ఎన్నిక ఫలితానికి కట్టుబడి, నవంబరులో ఈ పార్టీ అభ్యర్థులందరినీ బలపరుస్తానని మాట ఇస్తున్నాను."

"అయ్యా, ఇది ప్రమాణమా?" అన్నాడు తాత బల్ల దగ్గరి అధికారితో.

"రాసుంది కదా."

"అందరినీ అంటే... హాస్క్యూ గెలిస్తే హాస్క్యూనా?"

"అందరినీ అంటే అందరినీ. ఇష్టం లేకపోతే కాగితం తిరిగిచ్చెయ్."

తాత వెనకున్న మా చర్చి పెద్ద డీకన్ రూఫస్ తన కాగితం తిప్పి చూసుకున్నాడు. ఆయన వెనక సిస్టర్ ఎలనోరా కళ్ళజోడు కోసం సంచీ వెతుక్కుంటోంది. ఆ మాట గుమ్మం దాటి బయట వరసలోకి పాకడం నాకు వినిపిస్తోంది: ప్రమాణమట, ప్రమాణమట. కొరడాలకి బెదరని మా చర్చివాళ్ళు దొంగ ప్రమాణానికి బెదురుతారు. బయట హాస్క్యూ బానెట్ మీంచి దిగాడు. గుమ్మం దాకా వచ్చి, చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా నవ్వుతూ నిలబడ్డాడు. అనక్కర్లేదు. మా పని మేమే చెడగొట్టుకుంటున్నాం.

ఎన్నిక సరిగ్గా జరుగుతోందో లేదో చూడ్డానికొచ్చి మూలన కూర్చున్న వాషింగ్టన్ మనిషి నోట్‌బుక్ పట్టుకుని చూస్తున్నాడు. వాళ్ళు రాసుకోవచ్చు, మాట్లాడకూడదు.

"ఏమయ్యా" అంది నానమ్మ నెమ్మదిగా, "నా కాళ్ళు పీకేస్తున్నాయి."

తాత హాస్క్యూ వైపు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, నోట్‌బుక్ మనిషి వైపు తిరిగాడు. "బాబూ, రాసుకో. నా పేరు హోసియా టాలివర్. ఈ కాగితం మీదున్న మాట నేను నవంబరులో తప్పబోతున్నాను. తెలిసే అబద్ధమాడుతున్నాను. పాపం నాది. నా వెనకున్నవాళ్ళది కాదు, వాళ్ళు నన్ను చూసి వేస్తున్నారు."

ఆ మనిషి నిజంగానే రాసుకున్నాడు. తాత బల్ల మీదకి వంగి, గుర్తు పెట్టి, కాగితం మడిచి డబ్బాలో వేశాడు. వెనక డీకన్ రూఫస్ పెన్సిల్ అందుకున్నాడు. సిస్టర్ ఎలనోరా సంచీ వెతకడం మానేసింది. వరస కదిలింది. తాత హాస్క్యూ పక్కనుంచే, పీట చంకన పెట్టుకుని, "కాస్త తప్పుకోండయ్యా" అంటూ బయటికొచ్చాడు. వచ్చాక నా భుజం మీద బరువంతా వేశాడు. నేను ఏడిపించలేదు.

ఆ రోజు ఎవరికీ సగం దాటలేదు. మరో అభ్యర్థి కొన్ని ఓట్లు చీల్చాడు. నెలాఖరున హాస్క్యూకీ క్లీవ్‌కీ మళ్ళీ పోటీ. ఆ నాలుగు వారాల్లో రెండుసార్లు మా ఇంటి ముందు కారు ఆగింది, ఒకసారి తుపాకీ గుళ్ళు గోడలో దిగాయి. తాత ఆ చిల్లుల్లో గుడ్డపీలికలు కూరి, రెండోసారి కూడా వెళ్ళి అదే కాగితం మీద అదే అబద్ధమాడాడు. "ఎలా ఉంది తాతా?" అంటే, "మొదటిసారంత నొప్పెట్టలేదు. అదే భయంగా ఉంది" అన్నాడు. క్లీవ్ నూట పన్నెండు ఓట్లతో గెలిచాడు.

ఆ ఆదివారం చర్చిలో పాట అవగానే తాత లేచి నిలబడ్డాడు. మే నెలలో రెండుసార్లు తెలిసి అబద్ధమాడానని, సంఘం ముందు ఒప్పుకోవాలని వచ్చానని చెప్పాడు. పాస్టరు గారు గొంతు సవరించుకుని, ఆ కాగితం మీద ఓటేసినవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా అన్నారు.

డీకన్ రూఫస్ లేచాడు. నానమ్మ నా నడుం మీద పొడిచి తనూ లేచింది. టేవిస్ లేచాడు. క్లీవ్ లేచాడు, తన ఓటూ తనకే కదా. వెనక బెంచీలు, పక్క బెంచీలు, పాటలవాళ్ళు. ఆఖరికి పాస్టరు గారు కూడా, అప్పటికే నిలబడి ఉన్నారు కాబట్టి, చెయ్యెత్తారు.

తాత వెనక్కి తిరిగి అందర్నీ చూసి మొహం చిట్లించాడు.

"కూర్చోండర్రా" అన్నాడు. "నాది నేను ఒప్పుకుంటున్నాను, తోసుకోకండి."