చుక్క చుట్టూ నీలివలయం

పదవీ విరమణకు ముందటి ఏటి శ్రావణమాసంలో నన్ను కరీంనగర్ కలెక్టరేటులోని వరద నియంత్రణ గదికి డిప్యుటేషన్‌పై పంపారు. సర్వే, భూరికార్డుల శాఖలో నేను డిప్యూటీ ఇన్‌స్పెక్టరును. సర్వేయర్లు కొలిచిన హద్దులను తిరిగి కొలిచి తప్పొప్పులు నిర్ణయించడం నా వృత్తి. వరద వేళ నాకు అప్పగించిన పని వేరు. ఎక్కడెక్కడ మనుషులు చిక్కుకున్నారో పటం మీద గుర్తించి, పడవ నడిపేవారికి దారి చెప్పాలి.

ఒక మధ్యాహ్నం జమ్మికుంట వైపు మానేరు ఒడ్డున ఉన్న ఒక ఊరికి నన్ను పటాలతో సహా పంపారు. ఎగువ వానలకు ఏరు రెండు గట్లు ఒరసి పారుతున్నది. అక్కడ చిక్కుకున్నవారు ముగ్గురు. పత్తిచేలో కలుపు తీయబోయిన ఇద్దరు స్త్రీలు ఆవలిగట్టున ఒక మోటారు గది కప్పు మీద ఉన్నారు. మూడవవాడు గొర్రెల కాపరి మల్లయ్య. మందతో సహా ఏటి నడుమ, వంపు చాటున ఒడ్డుకు కనబడని, తుమ్మలు మొలిచిన ఇసుకతిప్ప మీద నిలిచిపోయాడు. తహసీల్దారు వద్ద ఉన్నది ఒకే పడవ. ముందు తిప్పకు, అటుపిమ్మట ఆవలిగట్టుకు పంపాలని నిశ్చయించాము.

పడవలో ఇంజను బిగిస్తుండగా మల్లయ్య తమ్ముడు కొమురయ్య ఫోను పైకెత్తి పట్టుకొని పరుగెత్తుకుంటూ వచ్చాడు. అన్న పొద్దున మాట్లాడినప్పుడు తిప్ప మీదనే ఉన్నానన్నాడట. మాట నడుమనే తెగిపోయింది, మళ్ళీ కలవలేదు. ఇప్పుడు తానున్న తావును ఫోను పటంలో చుక్కగా పంపాడు.

"ఒడ్డెక్కిండు సారూ, మా అన్న ఒడ్డెక్కిండు! జిన్నింగు మిల్లు ఎనుక సూపెడ్తుంది సూడుండ్రి."

పక్కనే నిలిచి ఉన్న మల్లయ్య భార్య లచ్చవ్వ ఆ మాటను నమ్మలేదు. "గొర్లను ఇడిచిపెట్టి వచ్చిండా, మీ అన్న? నన్నన్న ఇడుస్తడు గని గొర్లను ఇడువడు."

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆ దినమంతటిలో అక్కడ వినబడిన నవ్వు అదొక్కటే. కొమురయ్య మాత్రం తహసీల్దారు వైపు తిరిగి, "వదినె గట్లనే అంటది సార్. పడవను ఆ ఆడోళ్ళ దిక్కు తోలుండ్రి. ఆళ్ళు పొద్దటిసంది వానల తడుస్తుండ్రు, ఆళ్ళ పానం పానం కాదా?" అన్నాడు. తన ఇంటివానికని సిద్ధమైన పడవను పరులకు ఇప్పించిన మాట అది. తహసీల్దారు సమ్మతించాడు. ఇద్దరు మనుషులను మిల్లు వైపు పంపి, పడవను ఆవలిగట్టుకు మళ్ళించాడు. నేను అప్పుడు గట్టు చివర నిలిచి మోటారు గది స్థానాన్ని పటంపై గుర్తిస్తున్నాను; ఆ ఫోనును చూడలేదు.

పడవ సాగిపోయిన తరువాత లచ్చవ్వ కొమురయ్య ఫోను తీసుకొని నా వద్దకు వచ్చింది. "సారూ, నువ్వు కొలతల సారువట గద. ఆయన ఒక్కడే ఉన్నడు, సుక్క సుట్టు గింత పెద్ద నీలం గుండ్రం ఎందుకున్నది?"

చూశాను. చుక్క మిల్లు వెనుక ఉన్న మాట నిజమే. దాని చుట్టూ లేతనీలి వలయం మిల్లును, బాటను, ఒడ్డును, ఏటిని, ఏటి నడిమి తిప్పను కూడా కప్పి ఉన్నది.

ఆ వలయం చెప్పేదేమిటో చాలామందికి తెలియదు. నేటికీ నన్ను అడుగుతుంటారు. ఉపగ్రహం మనలను చూడదు, మన ఫోను దానితో మాట్లాడదు. ఉపగ్రహాలు పంపే కాలసంకేతాలను విని ఫోను తన తావును తానే లెక్కించుకుంటుంది. ఆ సంకేతాలు అతి దుర్బలమైనవి. వానమబ్బులు వాటిని అంతగా అడ్డుకోవు గాని గోడలు, లోహం, నీరు నిలిచిన మందపాటి వస్తువులు అడ్డుకుంటాయి. అవి అందనప్పుడు ఫోను సమీపంలోని సెల్ టవరును బట్టి ఊహిస్తుంది. ఆ ఊహలో పొరపాటుకు ఎంత అవకాశమున్నదో తెలిపేదే వలయం. మా శాఖలో దీనినే లోపపరిమితి అంటాము. టవరు ఆ మిల్లు వెనుకనే ఉన్నది.

నేను తహసీల్దారుకు ఈ సంగతి చెబుతుండగానే మిల్లు వైపు వెళ్ళినవారు తిరిగివచ్చారు. అక్కడ ఎవరూ లేరు. పడవవానికి ఫోను చేశాము. అతడు అప్పటికే ఒక స్త్రీని పడవలోకి దింపుకున్నాడు. రెండవ ఆమెను కప్పు మీద విడిచి రమ్మని ఎవరు చెప్పగలరు? ఇద్దరినీ ఒడ్డు చేర్చి పడవ తిప్ప వైపు మళ్ళేసరికి అక్కడ తిప్ప లేదు. తుమ్మ కొమ్మలు మాత్రం నీటిపై కదులుతున్నాయి.

వరద తీసిన తరువాత మల్లయ్య దేహం దిగువన దొరికింది. గొంగడి నడుముకు ముడివేసి ఉన్నది. దాని మడతలో పాలిథీను సంచి, సంచిలో ఫోను ఉన్నాయి.

కొమురయ్య చెప్పగా తెలిసింది: వాన పట్టినప్పుడు వారి కులంవారందరూ గొంగడిని తలమీదుగా కప్పుకొని, ఫోను తడవకుండా దాని కిందనే పట్టుకొని మాట్లాడతారు. తావు పంపినప్పుడూ మల్లయ్య అట్లే చేసి ఉంటాడు. నేను ఒక గొంగడిని నీట ముంచి, దానిని కప్పుకొని నా ఫోనుతో పరీక్షించి చూశాను. బయట ఉన్నప్పుడు గింజంతగా ఉన్న వలయం తడి ఉన్ని కింద క్రమంగా పెరిగి ఊరిలో సగాన్ని మింగింది.

ఆ పరీక్షను చూస్తూ నిలబడిన కొమురయ్య అడిగాడు. "ఆ గుండ్రంల మా అన్న ఉండెనా సారూ?"

ఉన్నాడని చెప్పాను.

"అయితే అది తప్పు చెప్పలే. నేనే పడవను తోలిచ్చిన."

ఆ పడవ వల్ల ఇద్దరు బతికారని అన్నాను. అది సత్యమే గాని, ఆ సత్యం అతనికి ఉపయోగపడలేదు. లచ్చవ్వ అతనిని ఒక్క మాట అనలేదు; మరిదితో ఆనాటి నుండి మాట్లాడనూ లేదు.

తరువాతి వానకాలానికి ముందు నియంత్రణ గది సిబ్బందికి పాఠం చెప్పే పని నాకు వచ్చింది. ఫోను పంపిన తావులో చుక్కకు ముందు వలయాన్ని చదవాలని, వలయంలో ఏ మూలనైనా నీరు ఉంటే మనిషి నీటిలోనే ఉన్నాడని ఎంచాలని, కాపరులకు మాత్రం గొంగడి తొలగించి, ఆకాశం కింద కాసేపు నిలిచి, మరల పంపమని చెప్పాలని నేర్పాను. లోపపరిమితి చెప్పని కొలతను మా శాఖలో కొలతగా అంగీకరించము. ప్రాణాల విషయంలోనూ అదే నియమం. ఇంతవరకు శాస్త్రం చెప్పగలదు. పడవ ఒక్కటే ఉన్నప్పుడు అది ముందు ఎటు పోవాలన్న ప్రశ్నకు సమాధానం నా పాఠంలో లేదు.